గోంబాక్ నుంచి కర్నూలు దాకా

చదువుకోవడానికి విదేశం వెళ్ళే పిల్లల కోసం మన ఇళ్ళలో ఎంతో సన్నాహం జరుగుతుంది. పాస్‌పోర్టు, వీసా, ఫీజు, ఊరగాయ జాడీ, పెద్దల దుఆలు అన్నీ నెలల ముందు నుంచే సిద్ధమవుతాయి. ఆ పిల్లలు చదువు ముగించుకుని తిరిగివచ్చే రోజున మాత్రం విమానాశ్రయానికి కారు పంపడం, బిర్యానీ వండడం తప్ప మరే సన్నాహమూ ఉండదు. సొంత ఇంటికి వచ్చేవారికి సన్నాహమెందుకని అందరూ అనుకుంటారు. మలేషియాలో ఐదేళ్ళు చదువుకుని, గత వేసవిలో కర్నూలుకు తిరిగివచ్చిన దంపతులం మేము. వెళ్ళడానికి ఎంత ఓర్పు కావాలో, తిరిగివచ్చి కుదురుకోవడానికీ అంతే ఓర్పు కావాలని ఈ ఏడాది కాలంలో మాకు బోధపడింది. ఆ ఓర్పు వచ్చినవారికి ఎంత అవసరమో, ఇంట్లో ఉన్నవారికీ అంతే అవసరం. మా అనుభవం మరో నాలుగు కుటుంబాలకు ఉపయోగపడుతుందన్న ఆశతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

కొండల నడుమ విద్యాలయం

కౌలాలంపూర్ నగరానికి ఉత్తరాన, పచ్చని కొండలు మొదలయ్యే చోట గోంబాక్ ఉంది. 1983లో నెలకొన్న మలేషియా అంతర్జాతీయ ఇస్లామీయ విశ్వవిద్యాలయపు ప్రధాన ప్రాంగణం అక్కడే. ప్రాంగణం మధ్యలో సుల్తాన్ హాజీ అహ్మద్ షా మస్జిదు, దాని పక్కగా పారే చిన్న ఏరు, చుట్టూ తరగతి భవనాలు. మాలో ఒకరు అక్కడ అర్థశాస్త్రంలో పరిశోధన చేశారు, మరొకరు విద్యాశాస్త్రంలో స్నాతకోత్తర పట్టం పొందారు. భోజనశాలలో వరుసలో నిలబడితే ముందు ఒక నైజీరియా సోదరుడు, వెనుక ఒక బోస్నియా సోదరుడు ఉండేవారు. మధ్యాహ్నం దాటితే మబ్బు కమ్మి వాన కురిసేది. ఏడాదికి 2000 మిల్లీమీటర్లకు పైగా వాన పడే నేల అది. 700 మిల్లీమీటర్లు కూడా నిండని కర్నూలు నుంచి వెళ్ళిన మాకు మొదటి ఏడాదంతా ఆ వానను చూడడమే ఒక పని అయింది.

మలయ్ భాష మాకు త్వరగానే చేరువైంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడేవారికి అందులో సగం మాటలు ఎక్కడో విన్నట్లే ఉంటాయి. సమయాన్ని వారు 'వక్తు' అంటారు, లోకాన్ని 'దునియా' అంటారు, ఓర్పును 'సబర్' అంటారు. భాషను 'బహాస' అనీ, ఉపాధ్యాయుణ్ణి 'గురు' అనీ అంటారు. భర్తను 'సువామి' అంటారని తెలిసిన రోజున మా ఇంట్లో చాలాసేపు నవ్వులు సాగాయి. అరబ్బు వర్తకుల వెంట వచ్చిన మాటలూ, అంతకు ముందే మన ఉపఖండం నుంచి వెళ్ళిన మాటలూ ఆ భాషలో ఒకే ఇంటివారిలా కలిసి ఉన్నాయి.

ఆ దేశంలో మా మనసుకు అన్నింటికన్నా హత్తుకున్నది నమాజుకు దొరికే చోటు. బజారులో, రైలు స్టేషనులో, రహదారి పక్కన బస్సులు ఆగే విడిదిలో, ఎక్కడికి వెళ్ళినా 'సురావ్' అనే చిన్న నమాజు గది ఉంటుంది. స్త్రీలకు వేరుగా గది, వుజూకు కుళాయి, తల మీదుగా వేసుకునే తెల్లని 'తెలెకుంగ్' వస్త్రాలు గోడకు తగిలించి ఉంటాయి. ప్రయాణంలో ఉన్న స్త్రీ నమాజు వేళ తప్పిపోతుందేమోనని దిగులు పడవలసిన పని లేదు.

రెండున్నర గంటల తేడా

హైదరాబాదు నుంచి కర్నూలుకు 200 కిలోమీటర్లకు పైగా దారి. బీచుపల్లి దగ్గర కృష్ణానదిని, ఊరి పొలిమేరలో తుంగభద్రను దాటాలి. మేము వచ్చిన మే నెలలో తుంగభద్రలో నీటికన్నా రాళ్ళే ఎక్కువగా కనిపించాయి. ఊరిలోకి వచ్చి కలిసే హంద్రీ అయితే పూర్తిగా ఎండిపోయి ఉంది. హంద్రీ ఒడ్డున ఉన్న అబ్దుల్ వహాబ్ ఖాన్ గుమ్మటం, నడిబొడ్డున కొండారెడ్డి బురుజు ఎప్పటిలాగే ఉన్నాయి. వాటి చుట్టూ ఉన్న ఊరు మాత్రం మారింది. పాత దుకాణాల స్థానంలో అంతస్తులు లేచాయి, తెలిసిన ముఖాలు కొన్ని కనిపించలేదు, తెలియని ముఖాలు మమ్మల్ని చూసి ఎవరని అడిగాయి.

మలేషియా గడియారం మన గడియారం కన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. అది ముల్లు తిప్పితే సరిపోయే తేడా. శరీరం అంత త్వరగా మాట వినలేదు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న ఆ దేశంలో ఏడాది పొడవునా ఫజ్ర్ వేళ ఇంచుమించు ఆరు గంటలకు, మగ్రిబ్ ఏడు దాటాక వస్తాయి. కర్నూలులో వేసవి ఫజ్ర్ నాలుగున్నర లోపే మొదలవుతుంది. మధ్యాహ్నం వాన కోసం అలవాటుపడిన ఒంటికి 42 డిగ్రీల ఎండ తగిలింది. మొదటి నెలంతా అలసటతోనే గడిచింది. చూసినవారు అది అసంతృప్తి అనుకున్నారు. తిరిగివచ్చిన పిల్లలు ఊరికే పడుకుంటున్నారని, మునుపటిలా కలవడం లేదని బాధపడే తల్లిదండ్రులకు మేము చెప్పేది ఒక్కటే: కొన్ని వారాలు వారిని పలకరించండి, ప్రశ్నించకండి. ఒంటి అలసటకు మనసులోని కారణాలు వెతకవద్దు.

"మళ్ళీ ఎప్పుడు పోతున్నారు?"

వచ్చిన వారం రోజుల్లో మాకు ఎదురైన ప్రశ్న ఇది. బంధువులు, ఇరుగుపొరుగు, పాలవాడు, మస్జిదు మెట్ల మీద కలిసిన పెద్దలు, అందరూ ప్రేమగానే అడిగారు. మన ఊళ్ళలో విదేశం నుంచి వచ్చేవారంటే గల్ఫ్ దేశాల నుంచి సెలవు మీద వచ్చేవారే. వారికి తిరుగు టికెట్టు ఉంటుంది. ఇక వెళ్ళడం లేదని చెప్పగానే వినేవారి ముఖంలో ఒక సందేహం కనిపించేది. అక్కడ ఏదైనా ఇబ్బంది వచ్చిందా, ఉద్యోగం దొరకలేదా అని గొంతు తగ్గించి అడిగేవారు. చదువు ముగిసింది కనుక, అమ్మీ అబ్బా ఇక్కడ ఉన్నారు కనుక వచ్చామన్న సమాధానం వారికి చాలలేదు.

ప్రయాణం ఒక యాతన వంటిదని, వెళ్ళిన పని ముగిశాక త్వరగా తనవారి దగ్గరకు చేరుకోవాలని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. ప్రయాణం నుంచి వచ్చాక ముందుగా మస్జిదుకు వెళ్ళి రెండు రకాతుల నమాజు చేయడం ఆయన ఆచారం. ముందస్తు కబురు లేకుండా రాత్రివేళ ఇంటివారి మీదకు హఠాత్తుగా రావద్దని కూడా ఆయన ప్రయాణికులకు చెప్పారు. తిరిగిరావడాన్ని ఇంత శ్రద్ధగా పట్టించుకున్న ధర్మం మనది. అటువంటి సమాజంలో తిరిగిరావడం ఓటమిలా కనిపించడం విచారకరం.

జీతం సంగతి దాచడానికి లేదు. మాలో ఒకరికి పట్టణంలోని ఒక ప్రైవేటు కళాశాలలో అధ్యాపక ఉద్యోగం దొరికింది. పరిశోధక విద్యార్థిగా అక్కడ వచ్చిన భత్యం కన్నా ఇక్కడి జీతం తక్కువ. మరొకరు ఒక పాఠశాలలో చేరారు. సాయంత్రాలు ఇంట్లోనే పదవ తరగతి ఆడపిల్లలకు పాఠాలు చెబుతున్నారు. నెలాఖరులో లెక్క చూసుకునేటప్పుడు మనసు చిన్నబోయిన రోజులు ఉన్నాయి. అటువంటి రోజుల్లో మాకు జాకిర్ హుసేన్ గుర్తుకు వచ్చేవారు. 1897లో హైదరాబాదులో పుట్టిన ఆయన బెర్లిన్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేటు పొంది, 1926లో స్వదేశానికి తిరిగివచ్చారు. ఆయనతోపాటు జర్మనీలో చదువుకున్న ఆబిద్ హుసేన్, ముహమ్మద్ ముజీబ్ కూడా వచ్చారు. అప్పటికి జామియా మిల్లియా ఇస్లామియా డబ్బు లేక మూతపడే స్థితిలో ఉంది. నెలకు 150 రూపాయలకు మించని జీతంతో 20 ఏళ్ళు పనిచేస్తామని ప్రతిన పూని వారు ఆ విద్యాలయాన్ని నిలబెట్టారు. అంతటి త్యాగం మాది కాదు, ఆ పోలికా మాకు తగదు. అయినా విదేశీ పట్టాకు విలువ కట్టే కొలబద్ద జీతం ఒక్కటే కాదని ఆ ముగ్గురి జీవితాలు చెబుతాయి.

మా కర్నూలులోనే డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉన్నారు. మద్రాసు నగరంలో ఉన్నత విద్యారంగాన పెద్ద బాధ్యతలు నిర్వహించిన ఆయన, 1947లో ఈ ఊరిలో ఉస్మానియా కళాశాలకు పునాది వేశారు. రాయలసీమ బిడ్డలెందరో అక్కడ చదువుకున్నారు. ఇప్పుడు ఇక్కడి ఉర్దూ విశ్వవిద్యాలయం ఆయన పేరు మీదనే నడుస్తోంది. పెద్ద నగరం చూసిన మనిషి చిన్న ఊరిని మరువకపోతే ఏమి జరుగుతుందో ఆ కళాశాల ద్వారం ముందు నిలబడితే తెలుస్తుంది.

వీడియోలో కనిపించనివి

ఐదేళ్ళూ ప్రతి శుక్రవారం అమ్మీతో, అబ్బాతో వీడియోలో మాట్లాడుతూనే ఉన్నాము. ముఖాలు చూసుకున్నాము, నవ్వులు విన్నాము. ఇంటికి వచ్చాకే అబ్బా కుర్చీ మీద కూర్చుని నమాజు చేస్తున్నారని తెలిసింది. వీడియోలో ముఖం కనిపించేది, మోకాళ్ళు కనిపించేవి కావు. "చెబితే మీరు చదువు వదిలి వస్తారని చెప్పలేదు" అన్నారు అమ్మీ. దూరంగా ఉన్న పిల్లలు తమ కష్టాలు దాస్తారు, ఇంట్లోని పెద్దలు తమ నొప్పులు దాస్తారు. తిరిగివచ్చాక ఆ దాచినవన్నీ ఒక్కొక్కటిగా బయటపడతాయి. కుదురుకోవడంలో ఇదొక పెద్ద భాగం.

ఇబ్న్ బతూతా 1325లో తన 21వ ఏట టాంజియర్ నుంచి బయలుదేరాడు. ఢిల్లీలో ఖాజీగా పనిచేశాడు, సుమత్రా దీవిని చూశాడు. 1349లో మొరాకోకు తిరిగివస్తుండగా, కొద్దికాలం క్రితమే తన తల్లి మహామారిలో మరణించిందని దారిలో విన్నాడు. తండ్రి ఎన్నడో చనిపోయాడన్న కబురు అంతకు ముందే డమాస్కస్‌లో అందింది. లోకమంతా చూసిన ఆ ప్రయాణికుడికి స్వస్థలంలో తల్లి సమాధిని దర్శించుకోవడమే మిగిలింది. అబ్బా చేయి పట్టుకుని మస్జిదు మెట్లు ఎక్కించే భాగ్యం మాకు ఇంకా ఉంది. అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

మా పాప సంగతి మరో తీరు. ఆమె అక్కడే పుట్టింది, ఇప్పుడు నాలుగేళ్ళు. మేము తిరిగివచ్చాము, పాప మాత్రం కొత్త దేశానికి వచ్చింది. మొదట్లో ఎవరు ఏమిచ్చినా 'తెరిమా కాసిహ్' అనేది. అంటే ధన్యవాదాలు. వారి ఆచారం ప్రకారం పెద్దల చేతిని అందుకుని ముద్దు పెట్టేది. వీధిలోని దాదీలందరూ ఆ చిన్న పనికి మురిసిపోయారు. కాని రాత్రుళ్ళు "మన ఇంటికి ఎప్పుడు వెళ్దాం?" అని అడిగేది. ఇదే మన ఇల్లని మేము వాదించలేదు. అమ్మీ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని జొన్నరొట్టె కొట్టడం చూపించారు, పిండి ముద్ద చేతికిచ్చారు. పాప చేసిన వంకర రొట్టెను అబ్బా మెచ్చుకుంటూ తిన్నారు. మూడు నెలలు గడిచేసరికి ఆ ప్రశ్న దానంతట అదే ఆగిపోయింది.

ఒకే వరుసలో

మలేషియా ముస్లిములు షాఫియీ సంప్రదాయాన్ని అనుసరిస్తారు. మన ప్రాంతంలో అత్యధికులు హనఫీలు. షాఫియీ లెక్క ప్రకారం అస్ర్ వేళ మన మస్జిదులలో కన్నా ముందుగా మొదలవుతుంది. అక్కడ ఫజ్ర్ నమాజులో ఇమాము చేతులెత్తి ఖునూత్ దుఆ చదువుతారు, ఇక్కడ వితర్‌లో చదువుతాము. ఐదేళ్ళ అలవాటు వల్ల ఫజ్ర్ రెండో రకాతులో మనసు ఒక్క క్షణం ఎదురుచూస్తుంది. ఈ భేదాలన్నీ గొప్ప ఇమాముల పరిశోధన నుంచి వచ్చినవి, ప్రతిదానికీ ఆధారముంది. విదేశం నుంచి వచ్చిన యువకులు కొందరు మస్జిదులో అడుగుపెడుతూనే పెద్దల నమాజును సరిదిద్దడం మొదలుపెడతారు. వరుసలో భుజానికి భుజం ఆనించి నిలబడవలసినవారి మధ్య అది ఎడం పెంచుతుంది. ఎన్నో దేశాలవారి పక్కన నిలబడి నమాజు చేసినవారికి ఈ సహనం అందరికన్నా ఎక్కువ ఉండాలి.

మాలో ఇల్లాలికి ఎదురైన సమస్య ఇంతకన్నా కఠినమైనది. అక్కడ ఐదేళ్ళు జుమా నమాజుకు, తరావీహ్‌కు మస్జిదుకు వెళ్ళిన ఆమెకు ఇక్కడ మా వీధి మస్జిదులో స్త్రీలకు చోటు లేదు. స్త్రీలను మస్జిదులకు రాకుండా ఆపవద్దని దైవప్రవక్త (స) చెప్పిన సంగతీ, ఇంట్లో చేసే నమాజు వారికి శ్రేష్ఠమని చెప్పిన సంగతీ రెండూ హదీసులలో ఉన్నాయి. ఈ విషయం ఎత్తగానే అమ్మీ నొచ్చుకున్నారు. "మా అమ్మ, మా నానీ ఇంట్లోనే నమాజు చేసుకున్నారు. వాళ్ళ నమాజు తక్కువైందా బేటీ?" అన్నారు. అందులో కోపం కన్నా, తన జీవితాన్ని కోడలు తక్కువగా చూస్తోందేమోనన్న బాధ ఎక్కువగా ఉంది. ఆ మాటకు హదీసులతో జవాబు చెప్పడం తేలిక. అలా చెప్పి ఉంటే ఇంట్లో ఒక గోడ లేచేది.

కొన్ని వారాల తర్వాత దారి అమ్మీ నోటి నుంచే వచ్చింది. అబ్బా మోకాళ్ళ కోసం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్ళిన రోజున ఆమె వరండాలో చాలాసేపు కూర్చోవలసి వచ్చింది. పల్లెల నుంచి వచ్చిన ముస్లిము స్త్రీలు జుహ్ర్, అస్ర్ ఎక్కడ చేసుకోవాలో తెలియక వుజూకు నీళ్ళు వెతుక్కోవడం చూశారు. ఆ రోజు తనకూ అస్ర్ తప్పిపోయింది. ఇంటికి వచ్చి ఖజా చేసుకున్నాక, "మీ మలేషియాలో గది ఉంటుందన్నారే, అది ఎలా ఉంటుంది?" అని అడిగారు. కోడలు కాగితం మీద గీసి చూపించింది: ఒక తలుపు, ఒక కుళాయి, నాలుగు జానమాజులు, గోడకు నాలుగు వస్త్రాలు.

ఆ కాగితాన్ని అబ్బా తానే తీసుకుని ఆసుపత్రి సమీపంలోని మస్జిదు కమిటీ పెద్దల దగ్గరకు వెళ్ళారు. మలేషియా మాట ఆయన ఎత్తలేదు, ఆసుపత్రి వరండాలో అమ్మీ చూసినది చెప్పారు. పెద్దలలో అభ్యంతరాలు వచ్చాయి. ఖర్చు, భద్రత, ఎవరు చూసుకుంటారన్న ప్రశ్నలు లేచాయి. మూడుసార్లు కూర్చున్నాక, పాత సామాను పెట్టిన పక్క గదిని ఖాళీ చేయడానికి ఒప్పుకున్నారు. విడిగా ద్వారం పెట్టించారు, కుళాయి వేయించారు. ప్రస్తుతం జుహ్ర్ నుంచి మగ్రిబ్ దాకా మాత్రమే తెరిచి ఉంచుతున్నారు. వస్త్రాలను అమ్మీ, పక్కింటి ఖాలా కలిసి కుట్టారు. ప్రతి ఆదివారం వాటిని ఉతికే వంతు మా ఇంటిది. మా వీధి మస్జిదులో మాత్రం ఇంకా చోటు లేదు. దాని కోసం మేము అడుగుతూనే ఉన్నాము, తొందరపడడం లేదు.

రెండు ఊళ్ళ గంజి

కౌలాలంపూర్‌లోని కంపుంగ్ బారు మస్జిదులో రమజాను నెలలో 'బుబుర్ లంబుక్' పంచుతారు. బియ్యం, మాంసం, సుగంధ ద్రవ్యాలు కలిపి పెద్ద వంటపాత్రలలో కలియబెట్టి కాచే గంజి అది. అస్ర్ తర్వాత జనం దాని కోసం బారులు తీరుతారు. మొదటిసారి దాన్ని రుచి చూసినప్పుడు కర్నూలు మస్జిదులలో ఇఫ్తార్‌కు పోసే గంజి మాకు గుర్తొచ్చింది. ఈ ఏడాది కర్నూలులో గంజి తాగుతుంటే బుబుర్ లంబుక్ గుర్తొచ్చింది. తిరిగివచ్చినవారి జీవితం ఇకపై ఇలాగే ఉంటుందనుకుంటాము. ఎక్కడ ఉన్నా మరో చోటు రుచి నాలుక మీద మిగిలే ఉంటుంది. దాన్ని నష్టంగా లెక్కించనక్కరలేదు.

సూరహ్ తౌబహ్ 122వ ఆయతులో ఒక మార్గదర్శనం ఉంది. ప్రతి సమూహం నుంచి కొందరు ధర్మజ్ఞానం కోసం బయలుదేరాలని, తిరిగివచ్చాక తమ వారిని హెచ్చరించాలని అందులోని భావం. నేర్చుకోవడం, తిరిగిరావడం, పంచుకోవడం ఆ ఆయతులో ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మన ఇళ్ళలో మొదటిదానికి ఎంతో శ్రమిస్తాము, మిగిలిన రెండింటినీ వాటంతట అవే జరుగుతాయని వదిలేస్తాము.

చదువు ముగించుకుని పిల్లలు వచ్చిన ఇళ్ళవారికి మా విన్నపం ఇది. మళ్ళీ ఎప్పుడు పోతారని అడగడానికి బదులు, ఏమి నేర్చుకుని వచ్చారని అడగండి. వారు చెప్పేటప్పుడు, ఇక్కడ అవన్నీ కుదరవని మొదటి రోజే తేల్చేయకండి. ఒక ఏడాది గడువు ఇవ్వండి. వచ్చిన పిల్లలకూ ఒక మాట. అక్కడి మేలును ఇక్కడ చెప్పేటప్పుడు, ఇంట్లో ఎవరి కష్టానికి అది అక్కరకు వస్తుందో ముందు చూసుకోండి. అవసరం ఉన్నవారు అడిగాక చెప్పిన మాట చెవికి ఎక్కుతుంది. మా ఇంట్లో అది ఆసుపత్రి వరండాలో తప్పిపోయిన ఒక అస్ర్ నమాజుతో మొదలైంది. మీ ఇంట్లో దేనితో మొదలవుతుందో మీ పెద్దల దగ్గర కాసేపు కూర్చుంటే తెలుస్తుంది, ఇన్షా అల్లాహ్.